గణక లోకము: సర్వరు వెలుపల పరీక్ష

మలంచా నుండి ఒక సోదరి వ్రాసిన లేఖ ఈ నెల మా బల్లపై నున్నది. ఖరగ్‌పూరులోని ఆ పేట తెలుగువారికి క్రొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున కార్ఖానా పనికై శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వలస పోయిన కుటుంబముల మనుమలు, మునిమనుమలు నేటికిని అక్కడ ఇంటిలో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ మాటలాడుచు జీవించుచున్నారు. లేఖ వ్రాసిన సోదరి మన సంస్థ కంప్యూటరు విభాగమున పెన్షను లెక్కల ప్రోగ్రాములను చూచుచున్నారు. ఆమె ప్రశ్న సంగ్రహముగా ఇది: "జావాలో వ్రాసిన మా ప్రోగ్రాము టామ్‌క్యాట్ సర్వరులో చక్కగా నడచును. అందులో డేటాబేసు నుండి వివరములు తెచ్చు భాగమును మాత్రమే విడదీసి సర్వరు లేకుండ పరీక్షింపబోయినచో, నో ఇనిషియల్ కాంటెక్స్ట్ ఎక్సెప్షన్ అని మొండికేయును. అందువలన ఒక్క కామా మార్చినను మొత్తమును మరల కట్టి, సర్వరులో పెట్టి, దానిని ఆపి మరల ప్రారంభించి, లాగిన్ అయి, నాలుగు తెరలు దాటి చూడవలసి వచ్చుచున్నది. దీనికి మార్గము లేదా?"

మార్గము కలదు. అయితే ఈ పత్రిక ఇంటిల్లిపాదియు చదువునది గనుక, సమస్య యేమో ముందు విన్నవించి ఆ పిమ్మట మార్గము చెప్పెదము. కంప్యూటరు విభాగము వారు రెండు పేరాలు దాటి చదివినను మాకు అభ్యంతరము లేదు.

పెన్షను ప్రోగ్రాము వంటి వానిలో స్థూలముగా మూడు పొరలుండును. తెరపై కనబడునది ఒకటి. లెక్క కట్టునది రెండవది. డేటాబేసుకు పోయి వరుసలు తెచ్చునది, వ్రాయునది మూడవది. ఈ మూడవ పొర డేటాబేసుతో మాటలాడుటకు కనెక్షను కావలెను. దాని కొరకు డేటాబేసు చిరునామా, వాడుకరి పేరు, రహస్య పదము ఉండవలెను. వీనిని ప్రోగ్రాములోనే వ్రాసిపెట్టుట ప్రమాదము గనుక సర్వరు తన వద్ద ఉంచుకొనును. కొన్ని కనెక్షనులను ముందే తెరచి ఒక కొలనులో నింపి, దానికొక పేరు పెట్టును. ప్రోగ్రాము ఆ పేరు పలికినంతనే సర్వరు దానిని చేతికిచ్చును. పేరు చెప్పగా వస్తువు నిచ్చు ఈ ఏర్పాటునకు జె.ఎన్.డి.ఐ. అనియు, చేతికి వచ్చు వస్తువునకు డేటా సోర్స్ అనియు పేర్లు.

రైల్వే కాలనీలో పెరిగిన వారికి ఇది సులభముగా తెలియును. కాలనీలోని టెలిఫోను ఎక్స్‌ఛేంజికి లోపలి నెంబర్లు వేరుగా ఉండెడివి. ఆఫీసులోని ఫోను నుండి చిన్న నెంబరు త్రిప్పినచో ఆసుపత్రి పలుకును. అదే నెంబరును బజారులోని ఫోను నుండి త్రిప్పినచో ఏమియు పలుకదు. నెంబరు తప్పు కాదు, ఆసుపత్రి మూతపడనూ లేదు. ఆ నెంబరునకు అర్థము చెప్పు ఎక్స్‌ఛేంజి బజారులో లేదు, అంతియే. సోదరికి వచ్చిన దోష సందేశము కూడ సరిగా ఇదియే చెప్పుచున్నది.

ఈ ఏర్పాటును చేసిన వారిని నిందింప పనిలేదు. ఒకే ప్రోగ్రాము పరీక్షా సర్వరులోను, అసలు సర్వరులోను మార్పు లేకుండ నడచుట, రహస్య పదము ప్రోగ్రామరు కంట పడకుండుట చిన్న లాభములు కావు. చిక్కంతయు వేరొక చోట నున్నది. డేటా తెచ్చు భాగము తనకు కావలసిన డేటా సోర్సును తానే పోయి వెదకుకొనుచున్నది. వెదకుట దాని పని కాదు. తెచ్చుట దాని పని.

కార్ఖానాలో ఎయిర్ బ్రేకు డిస్ట్రిబ్యూటర్ వాల్వును మరమ్మతు చేసిన పిమ్మట ఏమి చేయుదురో మలంచాలోని ఏ ఫిట్టరునైనను అడుగుడు. వాల్వును వ్యాగనుకు బిగించి, వ్యాగనును బండికి తగిలించి, ఇంజను తెప్పించి చూడరు. దానిని టెస్టు బెంచి మీద బిగింతురు. బండిలో బ్రేకు పైపు ఇచ్చు చదరపు సెంటీమీటరునకు 5 కిలోల పీడనమును బెంచి మీద ఒక కంప్రెసరు ఇచ్చును. పీడనమును ఒకటిన్నర కిలోల మేర తగ్గించినచో బ్రేకు సిలిండరులో సుమారు 3.8 కిలోల పీడనము లేవవలెను. ఎన్ని సెకండ్లలో లేచినది, మరల ఎన్ని సెకండ్లలో దిగినది కొలిచి, సరిపోయిన వాల్వునే వ్యాగనుకు పంపుదురు. ఇది సాధ్యమగుటకు కారణమేమనగా, వాల్వు తనకు గాలి ఎవరిచ్చుచున్నారని అడుగదు. దాని నోటికి పైపు తగిలించుటకు ఒక ఫ్లాంజి యున్నది, ఎవరు తగిలించినను పుచ్చుకొనును. గాలి కొరకు వాల్వు తానే ఇంజనును వెదకుకొని పోవునట్లు ఎవరైనా తయారు చేసినచో దానిని బెంచి మీద పరీక్షించుట అసాధ్యమగును.

కావున సోదరికి మా సలహా ఇది. డేటా తెచ్చు ప్రతి క్లాసునకును ఒక ఫ్లాంజి పెట్టుడు. అనగా దాని కన్‌స్ట్రక్టరు డేటా సోర్సును బయటి నుండి పుచ్చుకొనవలెను. లోపల ఎచ్చటను పేరు పెట్టి వెదకుట ఉండరాదు. సర్వరు ప్రారంభమగునపుడు ఒకే ఒక చోట, ఒకే ఒక్కసారి, జె.ఎన్.డి.ఐ. పేరు పలికి డేటా సోర్సును తెచ్చి ఈ క్లాసులకు అందించు చిన్న భాగమును వ్రాయుడు. పరీక్షలో ఆ చిన్న భాగమునకు బదులు మీరే ఒక సాదా డేటా సోర్సును తయారు చేసి అందింతురు. చిరునామా, వాడుకరి పేరు, రహస్య పదము కలిపి నాలుగైదు పంక్తుల పని. ఇక సర్వరు అక్కరలేదు.

ఈ పద్ధతికి డిపెండెన్సీ ఇంజెక్షన్ అను గంభీరమైన పేరు మార్టిన్ ఫౌలర్ 2004లో వ్రాసిన వ్యాసముతో స్థిరపడినది. రాడ్ జాన్సన్ 2002లో ప్రచురించిన పుస్తకము నుండి పుట్టిన స్ప్రింగ్ అను చట్రము దీనిని ఊరూర ప్రచారము చేసినది. అంతకు ముందు జావా లోకమున పరీక్షలు చాల కష్టముగా నుండెడివి. కెంట్ బెక్, ఎరిక్ గామా అను ఇద్దరు 1997లో విమాన ప్రయాణములో కలిసి వ్రాసిన జేయూనిట్ చేతిలో నున్నను, సర్వరులో నడచు క్లాసులను దానితో ముట్టుకొనుట వీలుకాలేదు. సర్వరు లోపలికే పరీక్షను పంపు క్యాక్టస్ అను పనిముట్టును అపాచీ వారు కొంతకాలము నడిపిరి. అది 2011లో విశ్రాంతి తీసికొనినది. మా అభిప్రాయములో దానికి విశ్రాంతి న్యాయమే. బండి క్రింద పడుకొని వాల్వును పరీక్షించునట్టి పద్ధతి అది. స్ప్రింగ్ లేనిదే ఇది సాగదని మాత్రము ఎవరును అనుకొనవలదు. ఒక కన్‌స్ట్రక్టరు చాలును.

పాత క్లాసులను ముట్టుకొనుటకు అనుమతి లేని చోట మరియొక ఉపాయము కలదు. పరీక్ష మొదలగుటకు ముందే ఒక బుల్లి ఎక్స్‌ఛేంజిని మనమే నిలిపి, అదే పేరుతో మన డేటా సోర్సును అందులో నమోదు చేయుట. దీనికై స్ప్రింగ్ ఇచ్చిన సహాయక క్లాసును 5.2 కూర్పు నుండి వాడవద్దని ఆ సంస్థయే చెప్పినది. వేరే చిన్న గ్రంథాలయములు దొరకును. తాత్కాలికముగా పనికివచ్చును గాని, దీనితోనే తృప్తి పడువారిని మేము మెచ్చుకొనలేము. వెదకుకొను అలవాటు ఆ క్లాసులో అట్లే నిలిచిపోవును.

ఇంత శ్రమ యెందుకు, తెరపై చూచినచో చాలదా అని పై అధికారులు అడుగుదురని సోదరి వ్రాసినారు. ఒక ఉదాహరణము చెప్పెదము.

భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. అదే దినమున యునైటెడ్ బ్యాంకు పంజాబ్ నేషనల్ బ్యాంకులోను, అలహాబాదు బ్యాంకు ఇండియన్ బ్యాంకులోను కలిసినవి. తరువాత శాఖల ఐ.ఎఫ్.ఎస్. కోడులు మారినవి. ఇప్పుడు ఒక పెన్షను ప్రోగ్రామును ఊహించుడు. అందులో పెన్షనరుల పట్టిక ఒకటి, బ్యాంకు శాఖల పట్టిక ఒకటి. కరవు భృతి బకాయిల జాబితా తీయు ప్రశ్న ఈ రెండు పట్టికలను కోడు ద్వారా జోడించును. శాఖల పట్టికలో క్రొత్త కోడులు నింపి పాతవి తొలగించిరి. పెన్షనరుల పట్టికలో కొందరికి పాత కోడే మిగిలిపోయినది. రెండు వైపులను సరిపోలిన వరుసలనే ఇచ్చు ఇన్నర్ జాయిన్‌తో ప్రశ్న వ్రాసియున్నచో, అట్టి పెన్షనరుల పేర్లు జాబితా నుండి చడిచప్పుడు లేకుండ జారిపోవును. దోష సందేశము రాదు. ప్రోగ్రాము ఆగదు. తెరపై మొదటి పుటలో ఇరువది పేర్లు పొందికగా కనబడును. చూచిన అధికారి సంతకము చేయును. తెరపై లేని పేరును ఎవరు చూడగలరు?

జారిపోయిన పేరు గల మనిషి మాత్రము గోల్ బజారు దాకా నడచి పోయి, పాసు పుస్తకము అచ్చు వేయించుకొని, బకాయి పడలేదని తిరిగి వచ్చును. కుటుంబ పెన్షను పుచ్చుకొను వృద్ధురాలైనచో ఎవరిని అడుగవలెనో కూడ ఆమెకు తెలియదు. బ్యాంకు వారు ఆఫీసును అడుగుమందురు, ఆఫీసు వారు బ్యాంకును అడుగుమందురు. ఒక్క పదము తేడా వలన ఆమె ఎన్ని మార్లు తిరుగవలసి వచ్చునో లెక్క కట్టు ప్రోగ్రామును ఇంతవరకు ఎవరును వ్రాయలేదు.

దీనినే బెంచి మీద పెట్టుడు. పరీక్షా పట్టికలో మూడే మూడు వరుసలు నింపుడు. ఒక పెన్షనరునకు చెల్లుబాటగు కోడు, రెండవ వారికి ఆంధ్రా బ్యాంకు నాటి పాత కోడు, మూడవ వారికి కోడే లేదు. ప్రశ్నను నడిపి, జాబితాలో ముగ్గురును ఉన్నారా అని జేయూనిట్ చేత అడిగింపుడు. ఇన్నర్ జాయిన్ ఒక్కరినే ఇచ్చును, పరీక్ష ఎఱ్ఱబారును. లెఫ్ట్ జాయిన్‌గా మార్చి, శాఖ దొరకని ఇద్దరిని వేరుగా గుర్తించి చూపునట్లు దిద్దుడు. ముగ్గురును వత్తురు. ఇదంతయు క్షణములో ముగియును గనుక రేపు, ఎల్లుండి, మరుసటి సంవత్సరము కూడ మరల మరల నడుపవచ్చును. సర్వరు ద్వారా ఇదే పని చేయుటకు అర గంట పట్టినచో రెండవ నాడే విసుగు పుట్టును. విసుగు పుట్టిన పరీక్షను ఎవరును చేయరు.

ఇక పరీక్షకు ఏ డేటాబేసు వాడవలెనను విషయము. జావాలోనే నడచుచు, జ్ఞాపకశక్తిలోనే పట్టికలు కట్టి, పరీక్ష ముగియగానే మాయమగు హెచ్2 వంటివి కలవు. చాల వేగము గలవి, స్థాపన శ్రమ లేదు. చాల మంది వీనితోనే ఆగిపోవుదురు. మేము ఇచ్చట కొంచెము పట్టు పట్టెదము. అసలు సర్వరులో ఆరకిల్ నడచుచుండగా హెచ్2తో మాత్రమే పరీక్షించుట, వాల్వును గాలికి బదులు నీటితో పరీక్షించుట వంటిది. కొన్ని లోపములు తెలియును, కొన్ని ఎన్నటికిని తెలియవు. ఆరకిల్‌లో ఖాళీ పదము, అసలు విలువయే లేకుండుట అను రెండును ఒకటే. ఇతర డేటాబేసులు పెక్కింటిలో అవి వేరు వేరు.

మన భాషకు సంబంధించిన ఉదాహరణము ఇంకను ఆసక్తికరమైనది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి ఇచ్చుటకు నిర్ణయించినది. రేపో మాపో మలంచా పెన్షనరు తన పేరును తెలుగులో నమోదు చేయుమని అడుగవచ్చును. "సూర్యనారాయణ" అను పేరును తీసికొందము. కంటికి ఆరు అక్షరములు. కంప్యూటరు మాత్రము హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కించి పదకొండు సంకేతములుగా దాచును. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కదానికి 3 బైట్లు, వెరసి 33 బైట్లు. ఇంగ్లీషు లిపిలో అదే పేరు 13 బైట్లతో సరిపోవును. పేరుకు 30 అని పొడవు పెట్టిన గడి ఆరకిల్‌లో, వేరుగా చెప్పనిచో, 30 బైట్లని అర్థము. సూర్యనారాయణ గారు అందులో పట్టరు. 12899 అను సంఖ్య గల దోషము వచ్చును. హెచ్2 అదే 30ని అక్షర సంకేతముల లెక్కగా గ్రహించి ఆయనను సంతోషముగా చేర్చుకొనును. పరీక్ష పచ్చగా నుండును, అసలు సర్వరు తిరస్కరించును. బెంగాలీ పేర్లకును ఇదే గతి.

అందుచేత చివరి పరీక్ష అసలు జాతి డేటాబేసు పైననే జరుగవలెను. ప్రతి ప్రోగ్రామరునకు పరీక్షా డేటాబేసులో సొంత స్కీమా ఒకటి యిప్పించుట పాత పద్ధతి. పరీక్ష వేళకు అసలు జాతి డేటాబేసునే చిన్న డబ్బాలో పుట్టించి పిదప పారవేయు టెస్ట్‌కంటెయినర్స్ అను పనిముట్టు 2015 తరువాత వ్యాప్తిలోనికి వచ్చినది. యంత్రమునకు తగినంత జ్ఞాపకశక్తి యున్నచో దానిని వాడుడు.

వ్రాయు ప్రశ్నలను పరీక్షించునపుడు సర్వరు వెలుపల మరియొక తేడా కనబడును. ఋణ ఖాతాలో తగ్గించి, భవిష్య నిధి ఖాతాలో చేర్చు పనిలో రెండు వ్రాతలున్నవి. సర్వరు లావాదేవీని తానే నిర్వహించు చోట రెండును కలిసి నిలుచును, లేదా రెండును రద్దగును. వెలుపల సాదా కనెక్షను ప్రతి వ్రాతను అప్పటికప్పుడే ఖాయము చేయును. మొదటిది ఖాయమై రెండవది విఫలమైనచో డబ్బు మధ్యలో మాయమైనట్లే. కనుక పరీక్షలో తానుగా ఖాయము చేయు గుణమును ఆపివేసి, పని నడిపి, ఫలితము చూచి, చివర అంతయు వెనుకకు మరల్చవలెను. ఇందులో ఒక మెలిక యున్నది. పరీక్ష నింపిన వరుసలు ఇంకను ఖాయము కాలేదు గనుక వేరొక కనెక్షనుకు కనబడవు. కావున పరీక్షలోని డేటా సోర్సు ఎన్నిసార్లు అడిగినను అదే ఒక్క కనెక్షనును ఇచ్చునదై, క్లాసు దానిని మూసినను మూయకుండ నటించునదై యుండవలెను. అట్టి డేటా సోర్సు స్ప్రింగ్‌లో సిద్ధముగా నున్నది, చేతితో వ్రాసినను కష్టము కాదు. ఆరకిల్‌లో పట్టికను సృష్టించుట, మార్చుట వంటి ఆజ్ఞలు అంతవరకు జరిగినదానిని ఖాయము చేసివేయును. అవి పరీక్ష నడుమ రాకూడదు.

అసలు డేటాబేసు చిరునామా పరీక్షల దరిదాపులకు రానీయవలదు. పరీక్ష ముందు పట్టికను ఖాళీ చేయు ఆజ్ఞ యుండును. చిరునామా తప్పినచో ఆ ఆజ్ఞ నిజమైన పెన్షనరుల పైననే పడును. జాగ్రత్తగా నుండుడని గోడపై వ్రాసి లాభము లేదు. పరీక్షా వాడుకరికి అసలు డేటాబేసులో ప్రవేశమే లేకుండ చేయించుడు. నిజమైన పెన్షనరుల వివరములను పరీక్షకై నకలు తీయుట కూడ సరికాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సంగతి అటుండగా, ముగ్గురు కల్పిత పెన్షనరులతో తీరు పనికి వేలమంది ఖాతా నెంబర్లు ఎందుకు?

బెంచి పరీక్ష ముగిసినచో సర్వరు పరీక్ష అక్కరలేదని ఎవరును భావింపరాదు. ఖరగ్‌పూరులో 2017 నవంబరున 800 మార్గములు గల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగును ప్రారంభించినపుడు ఆసియాలోనే పెద్దదని పత్రికలు వ్రాసినవి. ఇట్టి యంత్రమును స్టేషనుకు చేర్చక ముందే సిమ్యులేషన్ ప్యానెలుకు తగిలింతురు. పట్టాలకు, పాయింట్లకు, సిగ్నళ్లకు బదులు స్విచ్చులు, దీపములు ఉండును. విరుద్ధ మార్గములు రెండు ఒకేసారి దొరకుచున్నవా అని ఒక్కొక్కటిగా అడిగి చూతురు. రెండు రైళ్లను ఎదురెదురుగా నడిపి తెలిసికొన దగిన విషయము కాదు గదా. అయినను స్టేషనులో తీగలు కలిపిన పిదప మరల పరీక్ష ఉండనే యున్నది. ఏ తీగ ఏ పాయింటుకు పోయినదో ప్యానెలు చెప్పలేదు. అట్లే జె.ఎన్.డి.ఐ. పేరు సరిగా వ్రాసితిమా, సర్వరులోని రహస్య పదము సరియేనా అనునవి సర్వరులోనే తేలవలెను. ఇందుకు రెండు మూడు తెరలు చూచినచో చాలును.

సర్వరులోనే బయటపడునని అందరు అనుకొను దోషమొకటి బెంచి మీద కూడ దొరకును. పుచ్చుకొనిన కనెక్షనును తిరిగి ఇయ్యక మరచుట. సర్వరులో ఇది మొదటి గంటలో తెలియదు. కొలనులోని కనెక్షనులు ఒక్కొక్కటిగా తరిగి, నెలాఖరున అందరును ఒకేసారి లాగిన్ అయిన నాడు అంతయు స్తంభించును. దీనికై వేరొక పరీక్ష వ్రాయుడు. ఒకే కనెక్షను గల కొలనును కట్టి, వేచియుండు గడువు రెండు సెకండ్లని పెట్టి, క్లాసును వరుసగా మూడు మార్లు పిలువుడు. తిరిగి ఇచ్చునదైనచో మూడు మార్లును పలుకును. మరచునదైనచో రెండవ పిలుపుననే గడువు తీరి పడిపోవును. 2011లో వచ్చిన జావా 7 నుండి కనెక్షనును తానుగా మూయు ప్రయత్న వాక్యము భాషలోనే యున్నది. దానిని వాడినచో ఈ పరీక్ష ఎల్లప్పుడును పచ్చగనే యుండును. అయినను తీసివేయకుడు, రేపు ఆ క్లాసును దిద్దువారు మీరు కాకపోవచ్చును.

తమ వద్ద నూటికి పైగా పాత క్లాసులున్నవనియు, అన్నియు తామే వెదకుకొనునవే యనియు, ఎచ్చట మొదలిడవలెననియు సోదరి చివర అడిగిరి. అన్నింటిని ఒక్కసారిగా మార్చుటకు అనుమతి అడుగవలదు, రాదు. ఏ క్లాసులోనైన వేరొక కారణమున మార్పు చేయవలసి వచ్చిన దినమున, దానికి ముందు ఫ్లాంజి పెట్టి, రెండు పరీక్షలు వ్రాసి, అటు పిమ్మట మార్పు చేయుడు. పాత పిలుపులు విరుగకుండుటకు, వెదకుకొను పాత కన్‌స్ట్రక్టరును కొంతకాలము ప్రక్కన ఉంచి, దాని చేత క్రొత్తదానిని పిలిపింపవచ్చును. మొదటిదిగా బకాయిల జాబితా తీయు క్లాసును ఎన్నుకొనుడు. కరవు భృతి పెంపు ఉత్తర్వు తరువాతి మారు వచ్చులోపల పాత కోడు గల ఆ రెండవ పెన్షనరును పరీక్షా పట్టికలో చేర్చుడు.